దారం కొనుక్కొచ్చే ఆదివారాలు

అక్షరాల్లో తప్పులుంటే మన్నించండి. నేను ఐదో తరగతి దాకానే చదువుకున్నాను, చేతిరాత కూడా కుదురుగా ఉండదు. ఈ రోజు మరీ లేదు. రెండు ముక్కలు రాయడం, లేచి వాకిట్లోకి వెళ్లి రావడం, ఇదే పని. మా పెద్దమామ, అంటే మా మామగారి అన్న, మొన్న బుధవారం పొద్దున్నే పోయారు. వసారాలో వల అల్లుతూ గోడకు ఆనుకున్నారు. కాఫీ గ్లాసు తీసుకెళ్లిన నేను నిద్రపోయారనుకుని కాసేపు అలాగే నిలబడ్డాను.

ఆదివారం మీరందరూ కూర్చునే గదిలో ఆయన కుర్చీ ఖాళీగా ఉంటుంది. ఎందుకో మీకు తెలియాలి కదా. నలుగురిలో నాకు నోరు పెగలదు. అందుకే రాసి మా ఆయనతో పంపుతున్నాను.

తాగుడు మానాలనుకునే వాళ్లు కలిసి మాట్లాడుకునే చోటు నాయుడుపేటలో ఒకటుందని పెద్దమామకు ఆస్పత్రిలో పక్క మంచం మనిషి చెప్పాడట. బస్సు దిగి వీధులన్నీ తిరిగారు. ఆ గది ఎక్కడని అడగడానికి సిగ్గు. అడిగితే తాగుబోతునని చాటుకున్నట్టే అనుకుని వెనక్కి వచ్చేశారు. ఊళ్లో ఎవరైనా ఎక్కడికి పోయావంటే చెప్పడానికి ఒక వల దారం ఉండ కొన్నారు. తర్వాతి వారం మళ్లీ వెళ్లి తిరుగుతుంటే, బడి ముందు టీ తాగుతున్న ఒకాయన చూసి, "ఈ బడి వెనక గదే, రా అన్నా" అన్నాడట. ఆ రోజూ దారం కొన్నారు. ఇక అదే అలవాటైపోయింది.

నేను కాపురానికి వచ్చేసరికి ఆయన మానేసి చాలా కాలమైంది. మా ఆయన మాత్రం పడవ ఒడ్డుకు చేరినా ఇంటికి చేరేవాడు కాదు. పెద్దమామ ఒక్క మాట అనలేదు. ఒక ఆదివారం సంచీ భుజాన వేసుకుని మా ఆయన్ని పిలిచారు.

"రేయ్, దారం మోసేదానికి మనిషి కావాల, రా."

"ఒక ఉండకి ఇద్దరెందుకు పెదనాయనా?"

"వస్తే నీకే తెలస్తది."

సాయంత్రం ఇద్దరూ తిరిగొచ్చారు. అక్కడ ఏం జరిగిందని మా ఆయన్ని అడిగితే, "ఆడ విన్నది ఆడనే వదిలి రావాలంట" అని దారం ఉండ నా చేతిలో పెట్టాడు.

అలా ఇంట్లో ఒక మూలంతా దారమే. పక్కింటి అక్క ఊరుకుంటుందా.

"ఏందమ్మే, సముద్రాన్నంతా చుట్టే వల కడతన్నారా మీ ఇంట్లో?"

నేను తల దించుకున్నాను. వసారాలోంచి పెద్దమామే జవాబు చెప్పారు. "అవునమ్మా. ఒక కొస పట్టుకునేదానికి నీ మొగుడికి కూడా చోటుంది, పంపించు."

ఆమె నవ్వుకుంటూ లోపలికి వెళ్లిపోయింది.

మా ఆయన చేతులు వణికి, ఇంట్లో కాలు నిలవక తిరిగే రోజుల్లో పెద్దమామ పక్కన కూర్చోబెట్టుకుని వల సూది చేతికిచ్చేవారు. "అలలన్నిటినీ చూస్తా ఉంటే పడవ నీళ్లలోకి దిగదురా. ముందరున్నదాన్ని దాటు. దాని ఎనక దాన్ని చూడబాక" అనేవారు. ఆయన పోయినప్పటి నుంచి ఆ మాట నాకు నేనే చెప్పుకుంటున్నాను. అయినా వెనక దాన్నే చూస్తున్నాను.

మా ఊళ్లో పాడె మోసేవాళ్లకు ముందు మందు పోస్తారు. "నన్ను మోసేవాళ్లకి మజ్జిగ పొయ్యి అమ్మాయ్, నేనేం పెద్ద బరువుండనులే" అని ఆయన ఎప్పుడో నవ్వుతూ అన్నారు. నేను చేసి ఉంచాను. కానీ సీసాలు ముందే వచ్చేశాయి. "మజ్జిగ తాగితే కాళ్లు నిలస్తయ్యా?" అన్నారెవరో. పడవలో తోటివాడు మా ఆయన చేతిలో గ్లాసు పెట్టి, "మీ పెదనాయన కోసం, ఒక్క గుక్కే" అన్నాడు.

గ్లాసు ఆయన చేతిలోనే ఉంది. తాగడు, కింద పెట్టడు. నేను ఆడవాళ్ల మధ్య నిలబడి చూస్తున్నాను. మగవాళ్ల గుంపులోకి నేనెప్పుడూ వెళ్లలేదు. చెంబు పట్టుకుని ఎలా నడిచానో తెలియదు. చెంబు ముందుకు చాపానంతే. ఆయన నా ముఖం చూసి, గ్లాసు తోటివాడికి తిరిగి ఇచ్చి, దోసిలి పట్టాడు. మజ్జిగ మోచేతుల దాకా కారింది.

అది ఆ పూట సంగతి. ఈ రోజు ఆదివారం. మొదటిసారి మా ఆయన ఒక్కడే రావాలి. బస్టాండు ఎదురుగానే మందు అంగడి, అది దాటితేనే మీ బడి. అక్కడికి రాగానే పెద్దమామ మా ఆయన భుజం మీద చెయ్యి వేసి నడిచేవారట.

"పోతావా?" అని అడిగాను.

"దారం అయిపోవచ్చింది గదా" అన్నాడు.

మూల నిండా దారం ఉంది. పెద్దమామ సంచీ తీసి అందించాను.

ఈ కాగితం మీ చేతుల్లో ఉందంటే ఆయన ఆ అంగడి దాటి వచ్చినట్టే. జవాబు రాయకండి. పెద్దమామ సగంలో ఆపిన వల వసారాలో వేలాడుతోంది. సూది అందులోనే ఉంది, గాలికి ఊగుతోంది. సాయంత్రం బస్సు వేళకు నేను దాని పక్కనే నిలబడి ఉంటాను. దిగేటప్పుడు ఆయన చేతిలో దారం ఉండ ఉందా లేదా అన్నది అక్కడి నుంచే కనిపిస్తుంది.

చదివాక దీన్ని అక్కడే కాల్చేయండి.