పసుపు బెల్టు, ఎర్ర నీళ్లు

ఆ రోజుల్లో నాకు గడియారమంటే జేబులో ఉన్న ఫోనే. ఆ రోజులంటే ఏదో తాతల కాలమనుకునేరు, మొన్నమొన్నటి మాటే, నా నెత్తి మీద జుట్టు నిండుగా ఉన్నప్పటిది. నిజామాబాద్ పసుపు మార్కెట్లో, రైతుల సరుకు కమీషన్ మీద అమ్మిపెట్టే ఒక అడ్తి దుకాణంలో పని చేసేవాణ్ని. రైతుల బస్తాల్లో చెయ్యి దూర్చి కొమ్ములు తీసి చూడడం, కాంటా దగ్గర నిలబడడం, పొద్దుగూకేసరికి పెళ్లికొడుకులా పచ్చగా ఇల్లు చేరడం. చూస్తే పెళ్లికొడుకునే, పెళ్లి మాత్రం కాదు. సంబంధాలు వచ్చేవి, వచ్చిన దారినే పోయేవి. (ఎందుకు పోయాయో మధ్యవర్తులు మర్యాదగా చెప్పేవారు, మా అమ్మ అదే సంగతి మర్యాద తీసేసి నాకు చెప్పేది.) అటువంటప్పుడు బోధన్ నుంచి ఒక ఫోటో వచ్చింది. నాకు తెగ నచ్చింది. కాంటా మీద బస్తా ఊగుతుంటే కూడా ఆ ఫోటోనే చూసుకునేవాణ్ని. ఈ సంబంధం ఎట్లాగైనా కుదరాలని మా అమ్మ మొక్కుకుంది. ఆమెకు చెప్పకుండా నేనూ మొక్కుకున్నాను.

సంబంధం తెచ్చింది మా మేనమామ. ఆయనే హెచ్చరించాడు. "అల్లుడూ, ఇను. పిల్ల నాయన చక్కెర ఫ్యాక్టరీల షిఫ్టులు చేసినాయన. ఫ్యాక్టరీ మూతవడ్డా ఆయన చెవుల సైరన్ మోగుతనే ఉంటది. చేతికి గడియారం లేనోణ్ని మనిషి కిందనే లెక్కవెట్టడు. ఆయన ముంగట ఫోన్ తీసి టైం సూసినవనుకో, కథ ఖతం." వెంటనే బీరువాలోంచి బాపు గడియారం బయటికొచ్చింది. బాపు పెళ్లిలో మా తాత పెట్టిన కీ గడియారమది. కీ ఇస్తే టిక్కుటిక్కుమంది, చేతికి పెట్టుకోబోతే బెల్టు పొడిపొడిగా రాలిపోయింది. బాపు దాన్ని చెవి దగ్గర పెట్టుకుని చాలాసేపు విన్నాడు. "గడియారం మంచిగనే ఉన్నది. బెల్టు కొనుక్కో, అంతే" అన్నాడు. అంతే అన్న ఆ మాట నేను విని ఉంటే బాగుండేది.

బస్టాండు దగ్గర గడియారాల చాచా దుకాణానికి పోయాను. చాచా నా గడియారాన్ని అటూ ఇటూ తిప్పి, "పాత గడీ బేటా, బెల్టు పట్టే సందు చిన్నగున్నది. ఇప్పటి బెల్టులు దీనికి పట్టయ్" అంటూ పట్టేవి ఒక గుప్పెడు ముందర పోశాడు. నల్లవి, గోధుమరంగువి, బుద్ధిమంతులు పెట్టుకునేవి. కానీ నేను అప్పటికే పాత గడియారాల మీద ఫోనులో వీడియోలన్నీ చూసి పండితుణ్నయి ఉన్నాను. పాత గడియారానికి గుడ్డ బెల్టు వేస్తేనే వింటేజ్ అందమట! "మీగడ రంగు గుడ్డ బెల్టు ఉన్నదా చాచా?" అని అడిగాను. చాచా మొహం వెలిగిపోయింది. అట్టడుగు డబ్బాలోంచి ఒకటి తీసి, దుమ్ము ఊది, "వాహ్! నవాబుల పసంద్ బేటా నీది" అన్నాడు. (ఆ బెల్టును అంతకుముందు ఏ నవాబూ ఎందుకు కొనలేదో నేను అడగలేదు.) పిన్నులు బిగించి చేతికి పెట్టాడు. దుకాణం అద్దంలో నా మొహం చూసుకోలేదు, మణికట్టే చూసుకున్నాను.

మర్నాడు ఆ బెల్టుతోనే మార్కెట్‌కు పోయాను. బుద్ధి ఉన్నవాడెవడైనా పసుపు బస్తాలో చెయ్యి పెట్టేముందు మీగడ రంగు బెల్టు తీసి జేబులో వేసుకుంటాడు. నేను హమాలీలకు చూపించడానికి దాన్నే ముందు దూర్చాను. మధ్యాహ్నానికి బెల్టు మీద అక్కడక్కడా పచ్చని మచ్చలు. ఉతికితే పోలేదు. పెళ్లిచూపులు తెల్లారే. అప్పుడు తట్టింది నాకు ఆ దివ్యమైన ఆలోచన. మచ్చలు పోకపోతే మొత్తం బెల్టునే పచ్చగా చేస్తే పోలా? గిన్నెలో చిక్కగా పసుపు కలిపి నానేసి ఆరబెట్టాను. ఆవాల పూవు రంగులో మెరిసిపోయింది. మా మామ చూసి నోరెళ్లబెట్టి, "ఏడ దొరికిందిరా గిసొంటిది?" అన్నాడు. వింటేజ్ అన్నాను. ఆయనకు ఆ మాట అర్థం కాలేదు గానీ గౌరవం కలిగింది.

అమ్మా బాపూ బస్సులో, నేనూ మామా బండి మీద బయలుదేరాం. ఎడపల్లి దాటాక బండి చైను ఊడింది. ఎక్కించేసరికి నా చేతులు మసిగుడ్డలయ్యాయి. పిల్ల వాళ్లింటికి చేరగానే పెరట్లో తొట్టి దగ్గర బట్టల సబ్బు చూపించారు. గడియారం తీసి పక్కన పెడితే దాన్ని ఎవరు చూస్తారని, దాంతోనే మోచేతుల దాకా రుద్ది కడుక్కున్నాను. లోపల పిల్ల నాయనతో గొప్పలు పోతున్న మామ గొంతు వినిపిస్తూనే ఉంది. "పిలగాని గడియారం సూడు బావా, బెల్టు దుబాయి మాల్!" ఆ గడియారాన్ని చూపించుకుంటూ నేను గడప దాటాను. పిల్ల నానమ్మ కెవ్వుమంది. "అయ్యో, పిలగాని చెయ్యి తెగింది! నెత్తురు సూడుండ్రి!" చూసుకుంటే మణికట్టు నుంచి వేళ్ల దాకా ఎర్రటి ధారలు, తెల్ల చొక్కా చేతి అంచు ఎర్రగా. ఒక్క క్షణం నేనూ చచ్చాననే అనుకున్నాను. తర్వాత సంగతి తెలిసింది. పసుపుకు సబ్బు తగిలింది. పసుపులో సున్నం కలిపి దిష్టి నీళ్లు చేసే దేశంలో పుట్టి, పసుపు మార్కెట్లోనే పొట్టపోసుకునే నాకు ఆ సంగతి ముందర తట్టలేదు. అప్పుడే నవ్వేసి చెప్పి ఉంటే పోయేదేమీ లేదు. కానీ దుబాయి మాట ఇంకా గాలిలోనే ఉంది. "చైను తాకి తెగింది" అన్నాను.

ఇక చూడండి. నానమ్మ పరుగున పోయి గుప్పెడు పసుపు తెచ్చి "గిప్పుడు ఆగుతది బిడ్డా" అని నా చేతికి అద్దింది. సబ్బు తడి మీద ఆ పసుపు ఇంకా ఎర్రబడింది. "ఓర్నాయనో, ఎక్కువైతున్నదేందే!" అని ఆమె మరింత అద్దింది. పిల్ల నాయన తన తువ్వాల చింపి మోచేతి దాకా కట్టు కట్టాడు. డాక్టరు కోసం ఎవరో పరుగెత్తారు. మా అమ్మ ఏడుస్తోంది. నేను నొప్పి మొహం పెట్టి కూర్చున్నాను. (ఆ మొహం తలచుకుంటే ఇవాళ్టికీ సిగ్గుతో చచ్చిపోతాను.) అప్పుడు ఫోటోలో కంటే అందంగా ఉన్న ఆ పిల్ల చెంబుతో నీళ్లు తెచ్చింది. కట్టు విప్పి, బెల్టు తీసి, చెయ్యి కడిగింది. గాయం లేదు. తువ్వాల వాసన చూసింది. "బాపూ, గిది నెత్తురు గాదు. పసుపు. సబ్బు తాకి ఎర్రగైంది" అంది. నానమ్మ బుగ్గలు నొక్కుకుంది. "లగ్గం కాకముందే దిష్టి నీళ్లు ఎంట తెచ్చుకున్నడు, ముందుసూపున్న పిలగాడే!" ఇల్లంతా నవ్వింది. పిల్ల మాత్రం నవ్వలేదు. నా వైపు నేరుగా చూసి, "మరి తెగిందని ఎందుకు చెప్పిండ్రు?" అని అడిగింది. నేను ఆమె పక్కన పెట్టిన గడియారం అందుకుని టైం చూసుకున్నాను. నీళ్లు పోయి గడియారం ఆగిపోయి ఉంది. మా అమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుని తల దించుకుంది. అందరి నవ్వుల కంటే అదే నన్ను కోసింది.

కబురు తర్వాత మామే మోసుకొచ్చాడు. "వద్దన్నది రంగు పోయినందుకు గాదట. 'తెగని చేతికి కట్టు కట్టించుకున్నడు, రేపు ఇల్లు అంటుకున్నా పొగమంచు అంటడు' అన్నదట పిల్ల." కోపం తెచ్చుకుందామని శాయశక్తులా ప్రయత్నించాను, రాలేదు. ఆమె అన్నది నిజమే మరి. కొన్నాళ్లు మార్కెట్లో పసుపు ముట్టుకుంటేనే సిగ్గేసేది. పసుపు మార్కెట్లో అదెంత కష్టమో ఆలోచించండి. వేల్పూర్ సంబంధానికి పోయినప్పుడు చాయ్ రాకముందే ఈ కథంతా పూసగుచ్చినట్టు చెప్పేశాను. మామ నా కాలు తొక్కుతూనే ఉన్నాడు. పసుపు పండించే ఇంటి పిల్ల, పళ్లెం కింద పెట్టి మరీ నవ్వింది. "గడియారం నడుస్తున్నదా మరి?" అని అడిగింది. లేదన్నాను. ఆమె ఒప్పుకుంది.

గడియారాన్ని చాచా బాగుచేశాడు, నల్ల బెల్టు వేశాడు. పాత బెల్టును మా ఆవిడ పారెయ్యనివ్వలేదు, వంటింట్లో మేకుకు తగిలించింది. నేను ఏ మాటైనా కాస్త అటూ ఇటూ చేసి చెప్పబోతే చాలు, దాని వంక చూసి "సబ్బు తేవాల్నా?" అంటుంది. మొన్న గడియారానికి కీ ఇస్తూ ఎటో చూస్తూ కూర్చున్నాను. "ఆ బోధన్ పిల్ల ఇంకా యాదికొస్తదా?" అని అడిగింది. "లేదు" అన్నాను. ఆమె లేచి, సబ్బు కోసం లోపలికి పోయింది.