గీత మీద నల్లచుక్క

మూడేళ్ల కాంట్రాక్టులో నా ఆఖరి పోస్టింగు ఎల్లారెడ్డి, కామారెడ్డి మధ్య ఒక చిన్న ఆస్పత్రిలో, అప్పుడే పుట్టిన పిల్లల గదికి స్టాఫ్ నర్సుగా. జూన్ మొదటి వారంలో చేరాను. ఇప్పుడు ఆ కొలువులో లేను.

బిడ్డ పుట్టగానే వరుసగా చూడాలి: నడినెత్తి, అంగిలి, వెన్ను, వేళ్లు, చివరికి మలద్వారం. ఒక పొద్దున పుట్టిన మగబిడ్డకు మలద్వారం లేదు. పాలు ఆపి, ముక్కులోంచి గొట్టం వేసి, సెలైన్ పెట్టాం. డాక్టరు మేడం హైదరాబాదు సర్జన్‌తో మాట్లాడి నాకో పని అప్పగించారు. రెండు గంటలకోసారి బిడ్డ కాళ్ల మధ్య గీతను చూసి షీటులో రాయాలి.

ఆ గీత బట్టకు వేసిన కుట్టులా కొంచెం ఉబ్బి ఉంటుంది. గర్భంలో రెండు పక్కల కణజాలం కలిసిన చోటు అది. పుస్తకాల్లో దాని పేరు రాఫే; గ్రీకులో కుట్టు అనే అర్థం. అంగిట్లో ఉన్న గీతదీ, ఆముదం గింజ మీది సన్న గీతదీ అదే పేరు. ఒక రోజులోగా దాని మీద నల్లటి మలం చుక్క కనిపిస్తే పేగు చర్మానికి దగ్గరగా ఉన్నట్టు. చిన్న ఆపరేషన్ చాలు. కనిపించకపోతే ముందు పొట్టకు రంధ్రం చేసి పేగును బయటికి తెస్తారు. ఆ తర్వాత ఇంకో రెండు ఆపరేషన్లు.

చూసిన ప్రతిసారీ 'ఏమీ లేదు' అని రాశాను. మరునాడు పొద్దున అంబులెన్సు వచ్చింది. రెఫరల్ కాగితంలోనూ అదే మాట. బిడ్డను ఎక్కించే ముందు, వేళ కాకుండానే చివరిసారిగా గుడ్డ విప్పితే గీత మీద ఆవగింజంత నలుపు. బిడ్డ చెంపకూ అరికాలికీ అప్పటికే కాటుక ఉంది. పక్కన కూర్చున్నది నాయనమ్మ, పిట్లం నుంచి వచ్చిన బీడీలు చుట్టే ఆవిడ.

"దిష్టి చుక్క గీడ గూడ పెట్టినవా అవ్వా?" అని కసిరాను.

"గాడ ఎవలన్న పెడతరా బిడ్డా? గది దానంతట అదే వస్తున్నది. నిన్న మాపటి సంది తుడుస్తనే ఉన్న."

ఎందుకు తుడిచావని అడిగాను.

"నువ్వు గడియకోపాలి వచ్చి సూడవడితివి. మురికి పిలగాన్ని సూపిస్తే మమ్ముల ఏమనుకుంటవు?"

మేడాన్ని పిలిచి, తడి దూదితో తుడిచాను; ఇద్దరం పక్కనే నిలబడ్డాం. కాసేపటికి చుక్క మళ్లీ వచ్చింది. రెఫరల్ కాగితం చించి కొత్తది రాశాను. మేడం సర్జన్‌కు ఫోన్ చేశారు. పిల్లవాడికి ఒక్క ఆపరేషన్‌తో సరిపోయింది.

షీటులో నేను అబద్ధం రాయలేదు. చూసినప్పుడు నిజంగానే ఏమీ లేదు; నేను వస్తున్నానని తెలిసి అవ్వ ముందే తుడిచింది. ఆ తర్వాత ఉన్నన్నాళ్లూ షీటులో ఒక గడి అదనంగా గీసుకున్నాను: చివరిసారి తుడిచింది ఎవరు, ఎప్పుడు. అది నింపాకే గుడ్డ విప్పేవాణ్ణి.