ఇద్దరికీ కలిపి వచ్చిన ఉత్తరం

మొన్న సాయంత్రం మా మనవరాలు నా పక్కన కూర్చుని ఫోన్‌లో మంచు మీద ఆడే హాకీ చూపించింది. మంచు మీద హాకీ ఏమిటని మీరు ముక్కున వేలేసుకుంటే, నేనూ అదే పని చేశాను. అడుగున కత్తులున్న బూట్లు తొడుక్కుని, బంతికి బదులు నల్లటి బిళ్ల ఒకటి పెట్టుకుని, ఒకరినొకరు గుద్దుకుంటూ జారిపోతున్నారు. అందులో ఒక కుర్రవాడికి అమెరికా లీగు నుంచీ, యూరప్ లీగు నుంచీ ఒకేసారి పిలుపులు వచ్చాయట. అటు పోతే పెద్ద పేరు, కానీ బెంచీ మీద కూర్చోబెడతారేమోనని దిగులు. ఇటు పోతే పేరు చిన్నదే, కానీ రోజూ ఆట ఉంటుంది. ఎటూ తేల్చుకోలేక అతను ముందుగా తన జోడీ ఆటగాడికి ఫోన్ చేసి సలహా అడిగాడట. ఇదంతా చెప్పి మా పిల్ల, "నువ్వైతే ఎటు పోతుంటివి తాతా?" అని అడిగింది. ఏదో చెప్పి తప్పించుకున్నాను గానీ, ఆ జోడీకి ఫోన్ చేశాడన్న మాట దగ్గర నా మనసు ఆగిపోయింది.

ఎందుకంటే, పందొమ్మిది వందల డెబ్భైల్లో మాకూ రెండు పిలుపులు వచ్చాయి. మేమంటే నేనూ, మా అక్క భర్త అయిన మా బావా.

మా నాన్నకు మట్టెవాడలో చిన్న బట్టల దుకాణం ఉండేది. బావ కాశిబుగ్గలో గుంట మగ్గం మీద జంపఖానాలు నేసేవాడు. అవి నేసేవాళ్ల మణికట్లు ఎంత గట్టివో మన తరం వాళ్లకు నేను చెప్పక్కర్లేదు. పొద్దంతా మగ్గం మీద కూర్చుని, సాయంత్రం అయ్యేసరికి సైకిల్ మీద హనుమకొండ మైదానానికి వచ్చేవాడు. హాకీ కర్ర పగిలితే కొత్తది కొనే రోజులా అవి? బావే పగులు చుట్టూ మగ్గం నూలు గంజిలో ముంచి బిగించి చుట్టి, ఎండలో ఆరబెట్టేవాడు. అట్లా కట్టిన కర్రతో బంతిని కొడితే చెయ్యి జుమ్మనేది కాదు. జట్టులో సగం మంది కర్రలకు బావ చేతి కట్టే ఉండేది. నా కర్రకైతే పిడి నుంచి కొస దాకా మూడు కట్లు, అది చూసి అందరూ నవ్వేవాళ్లు.

నేను ముందుండి గోల్ కొట్టేవాణ్ణి, బావ నా ఎడమ పక్కన ఉండి బంతి అందించేవాడు. నా వైపు చూడనైనా చూసేవాడు కాదు. ఇద్దరు ముగ్గుర్ని తన మీదికి లాక్కుని, నేను ఎక్కడికి చేరబోతున్నానో అక్కడ బంతిని పెట్టేవాడు, నూలు మోసే నాడె మగ్గంలో ఇటు నుంచి అటు పోయినంత సులువుగా. నేను చేయవలసిందల్లా ఒక్క దెబ్బ. గోల్ నాది, చప్పట్లు నావి, భుజాల మీద ఊరేగింపూ నాదే. అందరూ గోల్ కొట్టినవాణ్ణే చూస్తారు. కొట్టడానికి వీలుగా బంతి పెట్టినవాడు కనపడాలంటే చూసే కళ్లు వేరే ఉండాలి.

ఆ కళ్లున్న మనిషి ఒకాయన హైదరాబాద్ టోర్నమెంటులో మమ్మల్ని చూశాడు. బొంబాయిలో ఒక బట్టల మిల్లుకు హాకీ జట్టు ఉండేది, ఆయన దానికి కోచ్. మేము రెండో రోజే ఓడిపోయి మూటాముల్లె సర్దుకుంటుంటే వచ్చి చిరునామా అడిగాడు. బావ ఉండే సందులో ఇళ్లకు నంబర్లు లేవు, బోర్డు ఉన్న చోటని మా దుకాణం చిరునామా ఇచ్చాము. అదే టోర్నమెంటులో రైల్వే వాళ్లు కూడా వచ్చి నా ఒక్కడి పేరు రాసుకుపోయారు. వాళ్లకు గోల్ కొట్టేవాడు కావాలి మరి.

రైల్వే కాగితం ముందు వచ్చింది. కాజీపేటలో ఉద్యోగం, జట్టులో చోటు, చచ్చేదాకా కదిలించలేని పర్మనెంటు కొలువు. మా నాన్న ఆ కాగితాన్ని దుకాణానికి వచ్చిన ప్రతి గిరాకీకి చూపించి, ఆ వారం బట్టలు అమ్మడమే మరచిపోయాడు. నా మనసంతా దాని మీదే ఉంది. బొంబాయి అంటే నాకు భయం. ఆ ఊళ్లో మనిషి తప్పిపోతే దొరకడని చిన్నప్పటి నుంచీ విని ఉన్నాను.

పది రోజుల తరువాత బొంబాయి ఉత్తరం వచ్చింది. దుకాణంలో నేను ఒక్కణ్ణే ఉన్నాను. ఇద్దరికీ కలిపి ఒకటే ఉత్తరం, ఇంగ్లీషులో టైపు చేసి ఉంది. బావ పేరు ముందు, దాని తరువాత నా పేరు. మీ ఇద్దరి జోడీ మాకు కావాలి, ఒక్కరే వస్తే తీసుకోలేము, ఇద్దరికీ మిల్లులో పని ఇస్తాము, వచ్చే ఏడాది జట్టు జర్మనీ, హాలెండు వెళ్లి అక్కడి క్లబ్బులతో ఆడవచ్చు, నెల లోపల జవాబు రాయండి అని ఉంది. రెండుసార్లు చదివాను. మడిచి, తెల్ల పంచెల కట్ట కింద పెట్టాను.

నేను పోనంటే బావకు దారి లేదు. ఆ సంగతి బావకు తెలిస్తే నన్ను అడుగుతాడు, అక్క అడుగుతుంది, ఆ ఇద్దరూ అడిగితే నేను కాదనలేను. అందుకని తెలియకుండా ఉండటమే మేలనుకున్నాను. ఇన్నేళ్లూ నాకు నేను చెప్పుకున్న కారణం ఇదే. దీని అడుగున ఇంకొకటి ఉంది. ఊళ్లో అందరి భుజాల మీద తిరిగింది నేనైతే, ఆ పెద్దమనిషి బావ పేరు ముందు ఎందుకు రాశాడన్నది నాకు ముల్లులా గుచ్చుకుంది. ఈ మాట ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

బావ నేసిన జంపఖానాలు సైకిల్ వెనక కట్టుకుని వారానికి రెండుసార్లు దుకాణానికి వచ్చేవాడు. బరువు దించకముందే, "ఏం బామ్మర్ది, బొంబాయి కెల్లి ఉత్తరం ఏమన్న వచ్చిందా?" అనేవాడు. రాలేదనేవాణ్ణి. మొదటిసారి మొహం తిప్పుకుని చెప్పాను, నాలుగోసారికి అలవాటైంది. అట్లా నెల నిండవచ్చింది. మేము రాలేమని రెండు ముక్కలు రాసి పోస్టు చేసి, ఆ ఉత్తరాన్ని స్నానాల నీళ్లు కాగే పొయ్యిలో వేశాను. తరువాత ఒకరోజు బావ అడగలేదు. జంపఖానాలు దించి, చెమట తుడుచుకుని, "మనది గంత పెద్ద ఆట కాదు తియ్ బామ్మర్ది. చూసినాయన మర్యాదకు అడ్రస్ తీసుకున్నట్టున్నడు," అన్నాడు. అప్పుడైనా నోరు విప్పవలసింది. పంచెలు సర్దుతూ ఉండిపోయాను.

నేను కాజీపేటలో చేరాను. అక్కడ నా ఆట ఎంతో మూడు నెలల్లో తేలిపోయింది. బంతి నేనున్న చోటికి వచ్చేది గాని, నేను చేరబోయే చోటికి ఎవరూ పెట్టేవారు కాదు. మూడేళ్లు తిరగకుండానే జట్టులోంచి తీసేశారు, మిగిలిన కాలమంతా పార్సిల్ ఆఫీసులో గోనెసంచుల మీద ఊళ్ల పేర్లు చదువుతూ గడిపాను. బావ కర్ర మళ్లీ ముట్టలేదు. పిలిస్తే, "మగ్గం మీద పని ఉన్నది," అనేవాడు. ఎనభైల్లో బొంబాయి మిల్లులు సమ్మెతో మూతపడుతున్నాయని పేపర్లో చదివి, చూశావా, నేను బావకు మేలే చేశానని లోలోపల సంబరపడ్డాను కూడా. సిగ్గుపడవలసిన సంబరం అది.

ఆ సంబరాన్ని మా మేనకోడలు అణచింది. అది ఎనిమిదో తరగతిలో ఉండగా జిల్లా బాలికల హాకీ జట్టుకు ఎంపికైంది. పంపడానికి ఇంటి సంతకం కావాలని కాగితం తెచ్చింది. నేను ఆ రోజు వాళ్లింట్లోనే భోజనానికి కూర్చున్నాను. బావ కాగితం చదివి తిరిగి దాని చేతిలోనే పెట్టాడు. "మన తాన గంత ఆట లేదు బిడ్డా. నేను ఆశపడి చూసుకున్న. ఆ ఆశ నీకొద్దు," అన్నాడు. పిల్ల నా వైపు చూసింది. మామ పెద్ద ఆటగాడు కదా, ఒక మాట సాయం చేస్తాడని చూసింది. నేను కంచంలో అన్నం కలుపుతూ తల దించుకున్నాను. ఆ చూపు నన్ను ఇప్పటికీ వదలలేదు.

మొన్న మనవరాలు అడిగిన మర్నాడే కాశిబుగ్గ పోయాను. బావ వాకిట్లో పీట మీద కూర్చుని, ఎనుమాముల మార్కెట్టు నుంచి తెచ్చిన ఎండుమిరపకాయల తొడిమలు తీస్తున్నాడు. మగ్గం గుంట పూడ్చి ఎన్నో ఏళ్లయింది. అక్క చాయ్ పెట్టడానికి లోపలికి పోయింది. మళ్లీ ధైర్యం పోతుందేమోనని కూర్చోకుండానే మొదలుపెట్టి, ఉత్తరం, పంచెల కట్ట, నేను రాసిన జవాబు, పొయ్యి, అన్నీ చెప్పేశాను. అరుస్తాడనుకున్నాను. లేచి లోపలికి పోతాడనుకున్నాను. దేనికైనా సిద్ధపడే వచ్చాను. బావ చేతిలోని మిరపకాయను పక్కన పెట్టి, నన్ను ఒక్కటే అడిగాడు.

"ఉత్తరంల ఎవరి పేరు ముందుగాల ఉండె?"

"నీదే బావా," అన్నాను.

ఆయన నన్ను తిట్టలేదు, క్షమించాననీ అనలేదు. లోపలి గుమ్మం వైపు తిరిగి మా అక్కను పిలిచాడు. "ఇన్నవా? బొంబాయి కెల్లి ఉత్తరం వచ్చిందట. నా పేరే ముందుగాల ఉండెనట," అన్నాడు. డెబ్భై ఐదేళ్లు దాటిన మనిషి గొంతు అట్లా పలకడం నేను ఎన్నడూ వినలేదు. లోపలి నుంచి నా మాటలన్నీ విన్న అక్క చాయ్ గ్లాసులతో గడపలోనే నిలబడిపోయి, "ఇన్నేండ్లు ఎట్ల కడుపుల పెట్టుకున్నవ్‌రా," అని నన్ను అడిగింది. బావ తల వంచుకుని మళ్లీ తొడిమలు తీయడం మొదలుపెట్టాడు, మిరపకాయల ఘాటుకో మరి దేనికో కళ్లు తుడుచుకుంటూ.

ఇప్పుడు ఎవరి పిలుపు వాళ్ల చేతిలోని ఫోనుకే నేరుగా వస్తోంది. మధ్యలో దుకాణం లేదు, పంచెల కట్ట లేదు, నాలాంటి బామ్మర్దీ లేడు. ఆ మంచు మీది కుర్రవాడు అటే పోనీ, ఇటే పోనీ, తనను రమ్మన్నారన్న సంగతైతే అతనికి తెలుసు. మా బావకు తెలియడానికి యాభై ఏళ్లు పట్టింది. ఆ ఉత్తరం చేరేసరికి మైదానం లేదు, మగ్గం లేదు, దాన్ని చదువుకుని ఎటైనా పోవలసిన ఆ పాతికేళ్ల మనిషీ లేడు.