చివరివాడి వెనక

నా భార్య అమెరికాలో, టెక్సస్‌లోని కాపెల్ అనే ఊళ్ళో ఒక చర్మవైద్యుడి దగ్గర ల్యాబ్‌లో పనిచేసేది. రోజంతా మైక్రోస్కోప్‌లో స్లైడ్లు చూసేది. అక్కడ చూసింది ఇంట్లో చెప్పేది కాదు. ఆమె పోయాక చాలామంది ఆమె గురించి మంచి మాటలు చెప్పారు. నాకు మాత్రం ఒక ఆదివారం గుర్తొస్తుంది.

రెండు వేల ఎనిమిది ప్రాంతం. మా తెలుగు చర్చిలో ఒకాయనకి ముంజేతి మీద పుండు లేచింది. రూపాయి బిళ్లంత ఉండేది. అంచులు ఉబ్బి, మధ్యలో గుంట. నొప్పి లేదు, మానడమూ లేదు. మూడు నెలలు పసుపు రాశాడు. కుష్టేమోనని ఎవరో అన్నారు.

నెలకోసారి ద్రాక్షరసం పుచ్చుకునే ప్రభు బల్లకు మాది ఒకే గిన్నె. అందరం వరుసగా అందులోనే తాగుతాం. అతని తర్వాత తాగడానికి జనం తటపటాయించారు. అది గమనించి ఆ ఆదివారం అతనే వరుస చివరికి వెళ్ళిపోయాడు. ఇదే ఆఖరుసారి, ఇక రానని పాస్టర్‌గారితో అన్నాడట.

అతను అప్పటికే మా ఆవిడ పనిచేసే చోట చూపించుకున్నాడని నాకు తెలియదు. ఆమె అంత్యక్రియలయ్యాక అతనే చెప్పాడు. పుండులో తేలింది ఇసుక ఈగ కుడితే వచ్చే పరాన్నజీవి. ఇండియా నుంచి తెచ్చుకున్నావని డాక్టర్ అన్నాడట. ఇండియా వెళ్తే తిరిగి రావడానికి వీసా స్టాంపింగ్ దొరకదేమోనన్న భయంతో అతను ఆరేళ్ళుగా ఈ దేశం దాటలేదు. మా ఆవిడ ఇంకో ప్రశ్న అడిగింది.

“అన్నయ్యా, పెరట్లో గోంగూరకి నీళ్ళు ఎప్పుడు పెడతారు?”

“ఆఫీస్ నుంచి వచ్చాక, మసక చీకట్లో.”

“పొట్టి చేతుల చొక్కాతోనేనా?”

“గోంగూరకి సూటేసుకుంటానా అమ్మా?”

అతని మడి వెనక కంచె, కంచె అవతల తుప్పలు, వాటిలో అడవి ఎలుకల గూళ్ళు. ఎలుక నుంచి మసక చీకట్లో కుట్టే ఈగకి, ఈగ నుంచి మనిషికి. ఒకప్పుడు టెక్సస్ దక్షిణానే ఉన్న జబ్బు మా వైపుకీ వచ్చిందని డాక్టర్ తర్వాత ఒప్పుకున్నాడట. గిన్నె వల్ల అది అంటదు. ఆ మాట ఆమె చర్చిలో చెప్పగలిగేదే. కానీ రోగి సంగతి బయటపెట్టడం ఆమె పనికి విరుద్ధం.

ఆ ఆదివారం ఆమె నా పక్కనుంచి తప్పుకుని, చివరికి నడిచి, అతని వెనక నిలబడింది. అతను తాగి గిన్నెని పాస్టర్‌గారికి ఇచ్చేస్తున్నాడు, ఇక ఎవరూ లేరన్నట్టు.

“నేనింకా తీసుకోలేదన్నయ్యా,” అంది.

 

తర్వాతి నెల అతను వచ్చాడు. అతని వెనక ఆమె, ఆమె వెనక నేను. అది అంటదని నాకప్పటికి తెలియదు. ఆమె తాగింది కాబట్టి తాగాను.