ముసుగు రాణికి బొట్టు

మొన్న మంగళవారం పాత నాణేలు కొనే ఇంగ్లీషాయన ఒకరు లీసెస్టర్‌లోని మా ఇంటికి వచ్చి, కిచెన్ టేబుల్ మీద నల్లగుడ్డ పరిచి, మా ఆవిడ బతికున్నన్నాళ్ళూ "మీ చిల్లర సంసారం" అని వెక్కిరించిన నా వెండి నాణేలన్నిటినీ అంచులు పట్టుకుని ఒక్కొక్కటే చూస్తూ కూర్చున్నాడు. క్రోయిడన్‌లో ఉంటున్న మా అమ్మాయి తన దగ్గరలో నాకొక ఫ్లాట్ చూసింది. అందులో నేను పట్టడమే గగనం, ఇక ఐరోపా రాజులందరికీ చోటెక్కడిది? నేను తెలుగులో ఎంత మొత్తుకున్నా అటునుంచి ఇంగ్లీషులోనే జవాబొచ్చే ఆ ఫోన్ వాదనల్లో చివరికి తనే నెగ్గింది. ఇల్లు ఖాళీ చెయ్యాలి, నాణేలు అమ్మెయ్యాలి.

ఫ్రాన్సు నాణేలు, జర్మనీ నాణేలు చూసి ఆయన బాగానే ముచ్చటపడ్డాడు గానీ, ఒకదాని దగ్గర ఆగి, భూతద్దంలో అటూ ఇటూ తిప్పి, దీన్నెవరో తోమేశారని ఎంతో మర్యాదగా చెప్పి పక్కన పెట్టేశాడు. ఆ తోమిన మనిషి పోయాక ఇది మూడో శ్రావణం.

నాణేల పిచ్చి నాకు షెఫీల్డ్‌లో పట్టుకుంది. పెద్దాసుపత్రి ల్యాబులో ఉద్యోగం, అద్దెగది, ఎవరూ ఎరిగినవాళ్ళు లేని ఊరు. శుక్రవారం సాయంత్రం సహోద్యోగులకు చెప్పి బయటపడితే మళ్ళీ సోమవారం దాకా నోరు విప్పే పనే ఉండేది కాదు. మా వయసువాళ్ళలో చాలామందికి ఆ శనివారాలు గుర్తుండే ఉంటాయి. బజారులో పాత నాణేల ముసలాయన ఒకాయన బల్ల వేసుకుని కూర్చునేవాడు, మాటల పోగు. ఆ మాటల కోసమే వెళ్ళేవాణ్ణి. ఊరికే నిలబడి వింటే బాగుండదని ఏదో ఒకటి కొనేవాణ్ణి. నిజం చెప్పొద్దూ, నా సేకరణంతా మనిషి గొంతు వినడానికి చెల్లించిన రుసుమే.

ఈ తోమిన నాణెం అలా కొన్నదే. ఆస్ట్రియా రాణిగారి వెండి థాలర్. డాలరన్న మాట పుట్టింది కూడా ఈ థాలర్ నుంచేనట. ఆ రాణి బొమ్మ ఉంటే తప్ప అరబ్బు వర్తకులు నమ్మేవారు కాదని, ఆవిడ పోయాక కూడా నాణెం మీద ఆవిడ చనిపోయిన సంవత్సరమే వేసి, అదే మొహంతో తరాల తరబడి అచ్చు కొడుతూనే ఉన్నారని ముసలాయన చెప్పాడు. మనిషి వెళ్ళిపోయినా మొహం మాత్రం ఊళ్ళు తిరుగుతూనే ఉందన్నమాట. ఆ రోజుల్లో అది నాకు వింతగా మాత్రమే అనిపించింది.

పెళ్ళయి మా ఆవిడ రాజమండ్రి నుంచి ఆ చలిలోకి వచ్చిన మొదటి శ్రావణంలో వరలక్ష్మీ వ్రతం వచ్చింది. కలశానికి కట్టడానికి అమ్మవారి రూపు లేదు, పేరంటానికి పిలుద్దామంటే తెలుగు గడప ఒక్కటీ లేదు. వెతగ్గా వెతగ్గా నా నాణేల ఆల్బంలో ఆవిడకు నిండుగా, నగలతో ఉన్న ఆడమనిషి బొమ్మ కనిపించింది. ఇంకేం, చింతపండు రసంలో నానేసి, విభూతి పెట్టి తళతళలాడేలా తోమి పడేసింది. నాణేలు సేకరించేవాళ్ళకు వెండి మీద ఏళ్ళ తరబడి పేరుకున్న నల్లపొరే ప్రాణం, అది పోతే నాణెం పోయినట్టే. మన ఇళ్ళల్లో నల్లబడ్డ వెండి దేవుడి ముందు పెడితే పరువు పోయినట్టు. డ్యూటీ నుంచి వచ్చి చూసి ఇంతెత్తున లేచాను. ఆ కోపంలోనే, అది అమ్మవారూ కాదు, ముత్తయిదువా కాదు, మొగుడు పోయినావిడ, తలమీద ఆ ముసుగు అందుకే వేసుకుందని చెప్పాను.

మా ఆవిడ నాణేన్ని చేతిలోకి తీసుకుంది. కుంకంలో వేలు అద్దింది.

"అయితే ఏమండీ? పండగపూట ఒక్కర్తీ మనింటికొచ్చింది. బొట్టెట్టకుండా ఎలా పంపిస్తాం?"

రాణిగారికి బొట్టు పెట్టి, ఆవిడ ముందు తాంబూలం, నానబెట్టిన శనగలు పెట్టింది. ఆ శనగలు నేను తిన్నాను. తర్వాత లీసెస్టర్ వచ్చి, రూపులూ పేరంటాళ్ళూ కావలసినంతమంది దొరికినా, ప్రతి ఏడూ ఆ నాణెం తోమించుకుని పీట ఎక్కాల్సిందే. నేనూ ప్రతి ఏడూ సణగాల్సిందే.

ఇంగ్లీషాయన వెళ్తూ వెళ్తూ, ఆ ముసుగు మడతలో ఎర్రగా ఉన్నది లక్కా అని అడిగాడు. కాదన్నాను. ఇప్పటికే కొంచెం నల్లబడుతోంది, ముట్టుకోకుండా ఇలాగే వదిలేస్తే కొన్నేళ్ళకు మళ్ళీ కళ వస్తుందని సలహా ఇచ్చి, మిగతావన్నీ పట్టుకెళ్ళాడు. నాణేలు తెలిసినవాడిగా ఆ సలహా సరైనదే.

నిన్న శ్రావణ శుక్రవారం. ఇప్పుడు మా వీధి చివరి కొట్లోనే తమలపాకుల దగ్గర్నుంచి రూపుల దాకా అన్నీ ఉన్నాయి. ఆ షెఫీల్డ్ గదిలో ఏవి లేవని మా ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకుందో అవన్నీ బుట్టలో వేసుకుని రావచ్చు. పేరంటాళ్ళని ఇంటికి పిలిచే మనిషే లేదు. నేను చింతపండు మాత్రం తెచ్చుకుని నానేసి, జన్మలో మొదటిసారి నా చేత్తో రాణిగారిని తోమాను, మడతలో పాత ఎరుపు పోకుండా చూసుకుంటూ. వంకరగానే అయినా బొట్టు పెట్టాను. శనగలు ఆవిడ ముందు పెట్టి, కాసేపు కూర్చుని, అప్పటిలాగే నేనే తిన్నాను.