డబ్బా మోగని చెట్టు

తిరువూరు శివార్లలో దశరథరామయ్య గారి మామిడితోటకు జోజమ్మ పదకొండేళ్లుగా కాపలా. పూత మొదలైంది మొదలు కాయ కోసేదాకా పాత నూనెడబ్బా మీద కర్రతో వాయిస్తూ తోటంతా తిరగడం ఆమె పని. కోతులు హడలిపోతాయి. తోట పక్కింట్లో ఉంటూ బడిలో పాఠాలు చెప్పే నాకు, ఆదివారం కూడా మధ్యాహ్నం కునుకు దక్కదు. అయినా ఆమె అంటే నాకు ప్రాణం.

నాలుగేళ్ల కిందట చలికాలంలో, బావి పక్కనున్న బంగినపల్లి చెట్టు మీద గుప్పెడంత పిట్ట వాలింది. ఒళ్లంతా మైలుతుత్తం లాంటి నీలం. జోజమ్మ నన్ను చెయ్యి పట్టుకుని లాక్కెళ్లి చూపించింది. అది హిమాలయాల కొండ అడవుల్లో గూడు కట్టుకుంటుందనీ, చలికి తాళలేక ఇంత దూరం వస్తుందనీ చెప్పాను. అంతే, అది ఆమెకు చుట్టమైపోయింది. రోజూ చెట్టు కింద నూకలు చల్లేది. గాలిలో పురుగులు పట్టుకు తినే పిట్టకు నూకలెందుకని ఎంత చెప్పినా వినలేదు. ఉడతలు బలిశాయి. ఆనాటి నుంచి ఏటా చలికాలం ఆ పిట్ట వచ్చి ఉన్నన్నాళ్లూ, ఆ చెట్టు దగ్గరకు రాగానే డబ్బా చంకన పెట్టుకుని చప్పుడు లేకుండా దాటేది.

ఈ సంగతి నాకంటే ముందు కోతులు కనిపెట్టాయి. ఈ జనవరిలో గుంపంతా ఆ చెట్టెక్కి పూత దులిపేసింది. దశరథరామయ్య గారు మంచివారే గాని, పూత జోలికొస్తే మనిషి కారు. డబ్బా ఎందుకు కొట్టలేదో చెప్పకపోతే వేరే కాపలా చూసుకుంటానన్నారు. జ్వరమొచ్చి పడుకున్నానని చెప్పమని నేనే సలహా ఇచ్చాను, సిగ్గులేకుండా. ఆమె వినలేదు.

“డబ్బా కొడితే పిట్ట ఎగిరిపోద్దండి. అంత దూరం నుంచి మన చెట్టును వెతుక్కుంటా వచ్చింది,” అంది ఆయనతో.

ఆయన నమ్మలేదు. చూపించమన్నారు. రెండు రోజులు పొద్దున్నే వచ్చి చెట్టు కింద కుర్చీ వేసుకుని కూర్చున్నారు. పిట్ట జాడ లేదు. జోజమ్మ ముఖం చూడలేకపోయాను. మూడోరోజు అది కొమ్మ చివర వాలింది. ఓ పురుగును గాలిలోనే అందుకుని, మళ్లీ అదే కొమ్మ మీదకొచ్చి కూర్చుంది. ఆయన కళ్లజోడు తుడుచుకుని మరీ చూశారు.

అంతలో ప్రహరీ మీదకు కోతులొచ్చాయి. ఆయన డబ్బా అందుకుని కర్ర ఎత్తారు. ఒకసారి పైకి చూశారు. డబ్బాను మెల్లగా కింద పెట్టి, భుజం మీది తువ్వాలు ఊపుతూ, నోరు విప్పకుండా, ఆ అరవై ఎనిమిదేళ్ల మనిషి కోతుల మీదకు పరుగెత్తారు. వెనకాలే జోజమ్మ, కొంగు ఊపుతూ. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

తిరిగొచ్చి కుర్చీలో కూలబడి, రొప్పుతూనే గొంతు తగ్గించి అన్నారాయన:

“రేపు నువ్వు కూడా ఓ తువ్వాలు తెచ్చుకో జోజమ్మా.”