ఖాళీ ఫ్రీక్వెన్సీలో ఓబులేసన్న

దయ్యాల కథలు మొదలుపెడితే లేచి బయటికి పోయే రకం నేను. ఇది చెప్పడానికి ఇప్పటికీ సిగ్గుగానే ఉంది. అయినా చూసింది చూసినట్టు చెబుతాను.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో అనంతపురంలో అద్దె ఇంట్లో ఉండేవాళ్లం. నాకు హ్యామ్ రేడియో పిచ్చి, అంటే లైసెన్సు తీసుకుని సరదాకి ఇంటినుంచే రేడియోలో కబుర్లు పంపుకోవడం. రేడియోను కంప్యూటర్‌కు కలిపి, మనం టైపు చేసింది గాలిలో పంపితే అవతలివాళ్ల తెరమీద అక్షరాలుగా పడుతుంది. ఎవరి సిగ్నల్ ఎక్కడుందో కూడా తెరమీద గీతలుగా కనిపిస్తుంది.

నాకు ఈ విద్య నేర్పింది వజ్రకరూరు వైపు పల్లెలో ఉండే ఓబులేసన్న. వేరుశనగ రైతు. తొలకరి పడగానే ఊరంతా చేలల్లో వజ్రాలు వెతుక్కుంటుంటే, ఆయన బ్యాటరీతో నడిచే చిన్న రేడియో సెట్టు ముందు కూర్చుని సన్నగీతలు వెతుక్కునేవాడు.

నేను వాడే వెడల్పు మోడ్, అంటే తెరమీద గీత లావుగా పడే పద్ధతి, ఆయనకు గిట్టేది కాదు. అందులో తప్పులు తక్కువే, కానీ పదిమందికి సరిపోయే చోటు ఒక్కడికే కావాలి.

"ముందు విను. ఎవరన్నా ఉండారా అని అడిగి, అప్పుడు నొక్కు. నీ కింద యాడో సన్నోడు ఉంటాడప్పా" అనేవాడు. సన్నోడంటే బలం లేని సిగ్నల్‌తో పంపేవాడు.

అలా అడిగినప్పుడు ఆయనే ఆ ఫ్రీక్వెన్సీలో ఉంటే, అందరిలా సంకేతం పంపేవాడు కాదు. ఇంగ్లీషు అక్షరాలతోనే "ఉండానప్పా, ఆగు" అని కొట్టేవాడు. అట్లా కొట్టే మనిషిని ఇంకొకరిని నేను చూడలేదు.

ఆయన గుండెపోటుతో పోయాడు. మట్టి వేసి వచ్చాను. ఆయన సెట్టును వదిన నాకే ఇచ్చింది. బ్యాటరీ లేకుండా మా బీరువా మీద పడి ఉండేది.

మరుసటి ఎండాకాలం, ఒక మిట్టమధ్యాహ్నం. ఆ వేళకు తెరమీద ఒక్క గీత కూడా లేదు. నా భార్య సుజాతకు నిండు నెలలు. లోపల పడుకుని ఉందనుకున్నాను. పవరంతా పెంచి, ఎవరైనా ఉన్నారా అని టైపు చేసి, పంపే బటన్ మీద వేలు పెట్టాను. ఇంకా నొక్కలేదు.

తెరమీద అక్షరాలు పడ్డాయి. ఉండానప్పా, ఆగు.

నేనింకా అడగనే లేదు. గీత కూడా లేదు. సిగ్నల్ లేనప్పుడు చెత్త అక్షరాలు పడటం మామూలే, కానీ అవి మాటలు కావు. భయమేసింది. హెడ్‌ఫోన్ తీసేశాను. అప్పుడు వినిపించాయి, మిద్దె మీద అడుగులు.

పైకి పరుగెత్తాను. బట్టల తీగ తెగిపోయిందని సుజాత నా యాంటెన్నా తీగ మీద తడిచీర ఆరేస్తోంది. రెండు చేతులూ తీగ మీదే ఉన్నాయి. పిట్టగోడ లేని మిద్దె, ఆమె వెనకే అంచు. బటన్ నొక్కి ఉంటే ఆ పవరంతా తీగలోకి వచ్చి చేతులు కాల్చేది, ఉలిక్కిపడి వెనక్కి పడిపోయేది. ఆమెను పట్టుకుని అంచు నుంచి ఇవతలికి లాగాను.

"ఏమట్లా చూస్తాండారు?" అంది.

కిందికి తీసుకొచ్చి జరిగింది చెప్పాను. ఆమె బీరువా మీది సెట్టు వైపు చూసింది.

"అన్న అడ్డం పడినాడు" అంది.

ఆ అక్షరాలు ఎక్కడినుంచి వచ్చాయోనని కంప్యూటరంతా వెతికాను. వేరే రేడియో మిత్రులను అడిగాను. ఎవరూ ఏమీ పంపలేదన్నారు.

ఆ కడుపులోని పాప ఇప్పుడు కాలేజీకి వెళుతోంది. యాంటెన్నా తీగ మీద ఎవరూ బట్టలు వేయరు. అయినా నొక్కే ముందు మిద్దె ఎక్కి చూసి వచ్చి, ఎవరైనా ఉన్నారా అని అడుగుతాను. జవాబు రాకపోతే పంపుకోవచ్చని నియమం.

జవాబు రాదు. నేను ఇంకాసేపు ఆగుతాను.